మోచేతికి తేలిక పని

2005 నవంబరులో అనకాపల్లిలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఫిజియోథెరపిస్టుగా చేరాను. చదువయ్యాక అదే నా మొదటి ఉద్యోగం. తర్వాత నా బొటనవేళ్ళ కీళ్ళే మొరాయించడంతో ముప్పై దాటకుండానే ఆ వృత్తి మానుకోవలసి వచ్చింది. రోజంతా ఇతరుల కండరాలు నొక్కేవాళ్ళకు అది కొత్తేమీ కాదు.

నాకిచ్చిన గది మెట్ల కింద ఉండేది. ఒక బల్ల, అల్ట్రాసౌండు మెషీను, మైనం కరిగించే తొట్టె, వేడి కాపడానికి తువ్వాళ్ళు, ఒక పచ్చ తెర. ఎముకల డాక్టరుగారు వారానికి రెండుసార్లు విశాఖ నుంచి వచ్చి రోగుల్ని చూసేవారు. ఏ మెషీను పెట్టాలో, ఎన్ని సిట్టింగులో చీటీ మీద రాసి నా దగ్గరకు పంపేవారు. ఆ చీటీ మార్చే అధికారం నాకు లేదు. నాకేదైనా తోస్తే దాని వెనక పెన్సిలుతో రాయవచ్చు. నేను మనుషులతో ఎక్కువగా మాట్లాడేదాన్ని కాదు కాబట్టి ఆ పెన్సిలు ఏర్పాటు నాకు సుఖంగానే ఉండేది. మిగిలింది రాత్రి డైరీలో రాసుకునేదాన్ని. రోగులు నన్ను నర్సు అనుకుని సిస్టరమ్మా అని పిలిచేవారు. కాదని చెప్పడానికి మొహమాటపడి అలాగే ఊరుకున్నాను.

జనవరిలో బుచ్చయ్యపేట వైపు నుంచి నూకరాజు అనే ఆయన వచ్చాడు. నలభై దాటిన మనిషి. కుడి మోచేతిని మెడకు కట్టిన గుడ్డలో వేలాడదీసుకుని, భార్య పైడమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. చీటీలో టెన్నిస్ ఎల్బో అని ఉంది. చదివి చెప్పాను.

"టెన్నిసా? నానెప్పుడాడేనమ్మా?" అన్నాడాయన.

"కర్రాబిళ్ళ ఆడినా బిళ్ళ పారీసుకునీవోడు సిస్టరమ్మా. ఈయనకి టెన్నిసేటి?" అంది పైడమ్మ.

ఆ ఆటగాళ్ళలో మొదట గమనించారు కాబట్టి ఆ పేరు వచ్చిందనీ, నిజానికి తాపీ పనివాళ్ళకూ వంటవాళ్ళకూ ఎక్కువగా వస్తుందనీ చెప్పాను. నూకరాజు బెల్లం వండే జట్టులో మనిషి. చెరకు నరికే కాలంలో ఆ జట్టు పొలం నుంచి పొలానికి తిరుగుతుంది. పెనంలో రసం కాగుతుంటే పొడవాటి కర్ర తిప్పేది ఇతనే. పాకం కుదిరిందో లేదో చెప్పేదీ ఇతనే. ఆ జట్టులో ఒక కట్టుబాటు ఉంది. కర్ర ఎవరి చేతిలో ఉంటే "దించండి" అనే మాట వాళ్ళదే. కర్ర లేనివాడు, జట్టు పెద్దయినా సరే, పెనం దగ్గర నోరెత్తడు. ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే బెల్లం దిమ్మ రంగు పోతుంది, బజారులో బేరం పడిపోతుంది. అందుకే ఇద్దరి మాటకు అక్కడ చోటు లేదు.

ఆయన కర్ర వదిలి అప్పటికి కొద్ది రోజులే అయింది, ఈలోగా దాన్ని జట్టు పెద్దే తిప్పుతున్నాడు. సీజను ముగిసేలోగా చెయ్యి కుదుటపడకపోతే వచ్చే ఏడు ఆ కర్ర ఇంకొకడి చేతికి వెళుతుంది. ఒకసారి వెళితే తిరిగి రాదని పైడమ్మ నాతో విడిగా చెప్పింది. డాక్టరుగారు అప్పటికే ఒక ఇంజక్షను ఇచ్చి ఉన్నారు. ఫిజియోథెరపీకి లొంగకపోతే విశాఖలో ఆపరేషను చేద్దామని చీటీ అడుగున రాశారు.

ఈ నొప్పి సంగతి కొంచెం చెప్పాలి. మోచేతికి బయటివైపు తడిమితే చిన్న ఎముక గుబ్బ తగులుతుంది. మణికట్టును వెనక్కి ఎత్తే కండరాలు అక్కడే పుడతాయి. ముంజేతి పైభాగాన సాగి, సన్నని స్నాయువులుగా మారి, అరచేతి వెనక ఎముకలకు అతుక్కుంటాయి. మనం ఏదైనా గట్టిగా పట్టుకున్నప్పుడు వేళ్ళను ముడిచే కండరాలు ముంజేతి లోపలివైపు నుంచి లాగుతాయి. ఆ లాగుడుకు మణికట్టు ముందుకు వంగిపోవాలి. వంగిపోకుండా వెనక నుంచి ఆపి ఉంచేవి ఈ బయటి కండరాలే. అవి ఆపకపోతే పిడికిలికి బలమే ఉండదు. కాబట్టి పట్టు ఎంత గట్టిదైతే మోచేతి గుబ్బ దగ్గర అంత లాగుడు. పని జరిగేది చేతిలో, చిరుగు పడేది మోచేతిలో. అక్కడి స్నాయువుకు రక్తం తక్కువగా అందుతుంది, మానడం నిదానం.

పరీక్ష సులువే. పిడికిలి బిగించి మణికట్టు పైకెత్తమంటాం. మనం కిందికి నొక్కుతాం. నూకరాజుకు గుబ్బ దగ్గర కత్తి దించినట్టయి మొహం తిప్పుకున్నాడు. మోచెయ్యి వంచినా చాచినా మాత్రం నొప్పి లేదు. అంటే కీలు బాగుంది.

మెషీను పెట్టాను, మైనం పూశాను, చిన్న నీళ్ళ సీసాను మణికట్టు మీదుగా నెమ్మదిగా దించే వ్యాయామం నేర్పాను. వచ్చిన రోజు తేలికపడేది. మళ్ళీ వచ్చేసరికి మొదటికొచ్చేది. బరువులు ఎత్తుతున్నారా అని ప్రతిసారీ అడిగేదాన్ని. లేదమ్మా, రెస్టులోనే ఉన్నాను అనేవాడు. అబద్ధం చెప్పే మనిషిలా లేడు. డాక్టరుగారు ఇంకో పక్షం చూద్దామన్నారు. ఆ తర్వాత ఆపరేషనే.

ఒక ఉదయం మైనం పూయడానికి ఆయన అరచెయ్యి తిప్పాను. మొదటిసారి వచ్చినప్పుడు ఆ చేతి నిండా కర్ర తిప్పిన కాయలు, గోళ్ళ సందుల్లో పొగ మసి ఉండేవి. ఇప్పుడు కాయలు మెత్తబడి ఊడుతున్నాయి. గోళ్ళు తెల్లగా ఉన్నాయి. వేళ్ళ చివర్లు ఎక్కువసేపు నీళ్ళలో నానినట్టు ముడతలు పడి ఉన్నాయి.

మీ చేతులు ఎందుకిలా నానాయని అడిగాను.

ఆయన కొంచెం గర్వంగానే చెప్పాడు. పాకం అచ్చుల్లో పోసేముందు తడిగుడ్డ పరుస్తారు, దిమ్మ అంటుకోకుండా ఊడిరావడానికి. దిమ్మ తీశాక ఆ గుడ్డలకు బెల్లం పట్టి ఉంటుంది. వేణ్ణీళ్ళలో జాడించి, పిండి, మళ్ళీ పరచాలి. జట్టు పెద్ద సన్నిబాబు, పైడమ్మకు స్వయానా అన్న, బరువు పనంతా తప్పించి ఆ పని ఇచ్చాడట. "మా బావ నన్ను గరిటి కూడా ఎత్తనివ్వటం నేదు. కూకుని గుడ్డలు పిండుకోమన్నాడు. ఆడోళ్ళ పని అని పిల్లలు నవ్వుతన్నారు. నవ్వనీ," అన్నాడు.

కాపడం తువ్వాలు నీళ్ళలో ముంచి ఇచ్చి, పిండి చూపించమన్నాను. రెండు చేతులతో పట్టి మెలిపెట్టాడు. సగం మెలికలోనే తువ్వాలు బల్ల మీద పడేసి మోచెయ్యి పట్టుకున్నాడు. తువ్వాలు పిండడంలో గట్టి పట్టూ ఉంది, మణికట్టు తిప్పుడూ ఉంది. మోచెయ్యి మాత్రం కదలదు. అందుకే అది రెస్టులా కనిపించింది. కర్ర తిప్పడం కన్నా అది ఎక్కువ చెరుపు.

చీటీ వెనక పెన్సిలుతో రాస్తే సరిపోయేది కాదు. ఆ పని ఇచ్చింది డాక్టరుగారు కాదు. సన్నిబాబును ఒకసారి తీసుకురమ్మని పైడమ్మకు చెప్పాను.

మర్నాడు ఆయన వచ్చాడు. తెర వెడల్పంతా దాదాపు నింపేసే మనిషి. నిలబడే మాట్లాడాడు. "మా బావకి నానేటి తక్కువ సేసేనమ్మా? బరువొట్టుకోనిచ్చేనా? ఎండలో నిలబెట్టేనా? సుకాన ఉంటాడని కాదా ఆ పనిచ్చేను?"

చెప్పవలసిన మాటలు నా దగ్గర ఉన్నాయి, చెప్పే ధైర్యం లేదు. అందుకని నూకరాజు ముంజేతి మీద పెన్నుతో కండరం గీసి చూపించాను, మోచేతి గుబ్బ నుంచి అరచేతి వెనక దాకా. సన్నిబాబు చెయ్యి పట్టుకుని ఆ గీత మీద వేళ్ళు ఉంచాను. నూకరాజును మెల్లగా తువ్వాలు పట్టుకోమన్నాను. కండరం బిగిసి సన్నిబాబు వేళ్ళ కింద గుబ్బ దాకా లేచింది. నూకరాజు కళ్ళు మూసుకున్నాడు.

సన్నిబాబు చెయ్యి తీసేశాడు. తర్వాత మరి ఏ పని ఇవ్వమంటారని అడిగాడు, ఈసారి నెమ్మదిగా.

పట్టుకునే పని ఏదీ వద్దన్నాను. కర్ర కూడా కొన్నాళ్ళు వద్దు. కానీ పాకం చూడటానికి చెయ్యి అక్కర్లేదు కదా, పక్కన నిలబడి చెప్పవచ్చు కదా అన్నాను. కట్టుబాటు సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

నూకరాజు తల దించుకున్నాడు. "కర్ర నీ సేతిలో ఉండగా నాను దించమని ఎలాగంటాను బావా? ఆ మాట నీది."

"కర్ర నాది. మాట నీది," అన్నాడు సన్నిబాబు. "నువ్వు దించమన్నప్పుడు దింపుతాను. ఎవుడైనా నవ్వితే ఆణ్ణి గుడ్డల కాడ కూకోబెడతాను."

పైడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు.

జట్టు పెద్ద కర్ర తిప్పుతూ, ఖాళీ చేతులతో నిలబడిన మనిషి మాట వినడం ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదట. మొదటి పొలంలో పిల్లలు నవ్వారని, ఒకడు నిజంగానే గుడ్డలు పిండాడని తర్వాత పైడమ్మ చెప్పింది. మెడకు కట్టిన గుడ్డ తీయించాను. మోచేతికి కాస్త కింద, కండరం మొదలయ్యే చోట బిగించే పట్టీ ఇచ్చాను. అది లాగుడును గుబ్బ దాకా పోనివ్వకుండా దారిలోనే కొంత ఆపుతుంది. సీసా వ్యాయామం కొనసాగించాం. డాక్టరుగారికి జరిగింది నోటితోనే చెప్పాను. ఆయన చీటీలో ఆపరేషను అన్న మాట కొట్టేసి, బాగానే గమనించావని నాతో అన్నారు.

సీజను చివరి పొలాల్లో నూకరాజు కాసేపు కాసేపు కర్ర పట్టాడు. పిడి సన్నగా ఉంటే ఎక్కువ బిగించి పట్టాలి కాబట్టి దానికి గోనెపట్టా చుట్టి లావు చేయించాను. మరుసటి ఏడు పెనం దగ్గర కర్ర ఆయన చేతిలోనే ఉంది.

ఈ కేసు వల్ల నేను నేర్చుకున్నవి రెండు. నొప్పి కండరం వేరూనిన చోటును చూపిస్తుంది, అది పనిచేసే చోటును కాదు. విశ్రాంతి అనేది మనిషికి ఇచ్చేది కాదు, ఫలానా కండరానికి ఇచ్చేది. ఆ తర్వాత ఉద్యోగం మానేసేదాకా, తేలిక పనే చేస్తున్నానని ఎవరన్నా సరే, ఆ పని నా ముందు చేసి చూపించాకే మెషీను స్విచ్చి వేసేదాన్ని.