గుండు మీద గంధం

నిన్న మా పాప గుండుకి గంధం రాస్తుంటే ఆ వాసనకి నా చెయ్యి ఆగిపోయింది.

మాస్టార్ల దెబ్బలే మనల్ని మనుషుల్ని చేశాయని మన యానాం బడి వాట్సాప్ గ్రూపులో రాసేవాళ్లారా, మన ఐదో తరగతి గుర్తుందా? యూనిట్ పరీక్షలు ఎగ్గొట్టించి నాన్న మా ఇంటిల్లిపాదినీ తిరుపతి తీసుకెళ్లాడు. లీవ్ లెటర్లో మాత్రం నాకు జ్వరమని రాశాడు. సోమవారం నేను గుండుతో బడికొచ్చాను.

"జొరమొస్తే గుండు కొట్టిస్తార్రా?" అంటూ లెక్కల మాస్టారు ఆ గుండు మీదే బెత్తం విరిగేదాకా కొట్టారు. గంధంలోంచి నెత్తురు కారింది.

అప్పుడే నాన్న మాస్టారికి ఇద్దామని తిరుపతి లడ్డూతో క్లాసు గుమ్మంలోకొచ్చాడు. బతికిపోయాననుకున్నాను. మాస్టారు ఆయనకి లెటరు చూపించారు.

"మేస్టారికే అబద్ధాలు చెప్తావేంట్రా ఎదవా!" అంటూ, జ్వరమని రాసిన చేత్తోనే నా చెంప పగలగొట్టాడు.

ఆ చేత్తోనే లడ్డూ ఇచ్చాడు. మాస్టారు కళ్లకద్దుకుని తిన్నారు.