ఫోటోలో అందంగా వచ్చిన పగులు

చెట్టు బెరడు, ఎండిన మడిలో బీటలు, ఇలా గీతలు కనిపిస్తే చాలు ఫోటో తీయడం నాకు పిచ్చి. ఎండాకాలంలో పక్కింటి అప్పలనాయుడు గారి మట్టిగోడ మీద ఆకు ఈనెల్లాంటి సన్నని పగులు కనిపిస్తే అదీ తీశాను. ఈ రోజు నర్సీపట్నం స్టూడియోలో ప్రింట్లు ఇచ్చారు. బాగా వచ్చిందని మురిసిపోతూ ఆయనకు చూపించడానికి వెళ్ళాను.

ఆయన ఫోటో చూసి, తలెత్తి గోడ చూశారు. ముఖం పాలిపోయింది. ఈ వానలకు ఆ పగులు నా చెయ్యి దూరేంత అయింది. దాని కిందే మంచం మీద వాళ్ళమ్మ గారు పడుకుని ఉన్నారు.

"అమ్మా, నెగు. బేగి బయటికెల్దాం."

"నాను రాను. ఈ గోడ మీ అయ్య కట్టినాడు. నా మీదెందుకు పడతాది?"

ఇద్దరం ఆవిడను మంచంతో సహా ఎత్తి మా వరండాలోకి తెచ్చాం. దారి పొడుగునా నన్నే తిట్టారు.

ఇప్పుడు మళ్ళీ వాన పట్టింది. గోడ నిలబడే ఉంది గానీ, ఉండుండి మట్టిపెళ్ళలు రాలుతున్న చప్పుడు వినిపిస్తోంది. చప్పుడైనప్పుడల్లా ఆవిడ తిట్లు ఆపి అటే చూస్తున్నారు. గోడ పడకపోతే రేపు నన్ను బతకనివ్వరు. అయినా పడకూడదనే నా కోరిక.

మీ గోడలెలా ఉన్నాయండీ? దీపం పట్టుకుని ఓసారి చూసి చెప్పండి.