కొత్త నూనేనని చెప్పాను

పదకొండేళ్లుగా ఒక మాట నా కడుపులో ఉంది. "కొత్తదే" అన్న ఒక్క మాట. అది అబద్ధం. దాన్ని లోపల పెట్టుకునే వండాను, తిన్నాను, కోడలి పక్కన కూర్చుని చేనులో కలుపు తీశాను. ఇదేమంత నేరం అనుకుంటూ వచ్చాను. నేరం కానిదైతే ఇన్నేళ్లు ఎందుకు దాస్తాను?

నాలుగో తరగతి దాకా చదివాను. మనవరాలి పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీద రాస్తున్నాను. పేర్లు రాయను. మీరు చదవండి, చాలు.

మాది మొయినాబాద్ దగ్గర ఒక ఊరు. అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌లో చాలా ఏళ్లు వంట చేశాను. అక్కడి అమ్మగారు మాంసం తినదు, టోఫు తినేది. సోయా పాలు విరగ్గొట్టి చేసే గడ్డ అది. చూడ్డానికి పన్నీరులా ఉంటుంది, ఉత్తగా తింటే ఏ రుచీ ఉండదు. దాన్ని కరకరలాడేలా వేయించడం ఆమే నేర్పింది. నీళ్లు పోవాలి, అదే కిటుకు. గుడ్డలో చుట్టి పైన బండ పెట్టాలి. ముక్కలు కోసి ఉప్పు, కారం, మొక్కజొన్న పిండి పట్టించి, నూనె బాగా కాగాక వేయాలి. మా ఇంట్లో నేను బియ్యప్పిండే పట్టిస్తాను. ఇంట్లో ఉన్నదాన్ని వదిలి ఇంకొకటి కొనడం నాకు చేతకాదు. తేదీ దగ్గరపడిన పాకెట్లు అమ్మగారు నాకిచ్చేది.

పదకొండేళ్ల కింద మా కొడుకు చెట్టు కొమ్మలు కొడుతూ నిచ్చెన మీంచి పడ్డాడు. కాలు విరిగింది. ముందు చేవెళ్లలో చూపించాం, తర్వాత పట్నంలో ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. కోడలు చిలుకూరు బాలాజీకి మొక్కుకుంది. భర్త కర్ర లేకుండా నడిచిననాడు నూట ఎనిమిది ప్రదక్షిణలు చేస్తానని, అప్పటిదాకా నీసు ముట్టనని. నీసంటే మా దగ్గర మాంసం, చేప, గుడ్డు అన్నీ. మా ఇంట్లో కోడికూర అంటే అందరికంటే ఎక్కువ ఇష్టం ఆమెకే. అటువంటి మనిషి నోరు కట్టుకుంది. నేను పైకి ఏమీ అనలేదు గానీ లోపల మెచ్చుకున్నాను. అందుకే ఆమె కోసం ఇంట్లో టోఫు వేయించడం మొదలుపెట్టాను. ప్రేమతోనే చేశాను. అది కూడా రాయాలి కదా.

కొడుక్కు బలానికి మాంసం పెట్టమన్నాడు డాక్టరు. ఒక ఆదివారం కోడి ముక్కలు వేయించాను. మిగిలిన నూనె వడగట్టి స్టీలు గిన్నెలో పోసి మూతపెట్టాను. ఒక్కసారి వాడిన నూనెను పారబోయడం మా ఇంట్లో ఎన్నడూ లేదు. మంగళవారం సాయంత్రం టోఫు ముక్కలు కోసుకుని పొయ్యి ముందు నిలబడ్డాను. కొత్త నూనె పాకెట్ గూట్లోనే ఉంది. కత్తెర చేతిలోకి తీసుకున్నాను కూడా. పిడికెడు ముక్కల కోసం పాకెట్ కొయ్యాలా? వడగట్టిన నూనెలో కోడి ఎక్కడుంది? నాకు నేనే చెప్పుకున్నాను. తప్పని తెలియకపోతే అట్లా చెప్పుకోవాల్సిన పనేముంది? కత్తెర పక్కన పెట్టి గిన్నె మూత తీశాను.

ముక్కలు ఎర్రగా వచ్చాయి. అన్నం, పప్పుచారు, టోఫు. అంతే ఆ పూట భోజనం.

"అమ్మా, ఇయ్యాల ఏం ఏసినవే దీంట్ల? అచ్చం కోడి తిన్నట్టే ఉన్నది," అన్నాడు కొడుకు మంచం మీంచి.

కోడలు నవ్వింది. "నీకు కలల గూడ కోడే కనపడ్తది," అంటూ ఇంకో ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది.

"అత్తమ్మా, నూనె కొత్తదేనా?"

"కొత్తదే. పాకెట్ తెచ్చి నీ ముందల కొయ్యాల్నా? నా వంట మీద గంత అనుమానముంటే రేపటిసంది నువ్వే వండుకో."

"అయ్యో, గంత కోపమెందుకు అత్తమ్మా. ఊకెనే అడిగిన," అంది. మళ్లీ వడ్డించుకుంది.

మా ఇంట్లో నన్ను రెండోసారి ఎవరూ అడగరు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ పూట దాన్నే వాడుకున్నాను.

పది రోజులకు కొడుకు కాలికి చీము పట్టింది. రెండో ఆపరేషన్ అన్నారు. షుగర్ వల్ల అన్నాడు డాక్టరు. నేను డాక్టరు మాటే నమ్ముతాను. గరిటెడు నూనె కోసం దేవుడు మనిషి కాలు పట్టుకుంటాడని అనుకోను. కానీ మొక్కు నాది కాదు, ఆమెది. దవాఖాన వరండాలో కూర్చుని తన మొక్కు ఎక్కడ చెడిందా అని వెతుక్కుంది. దొరికింది. నెల కింద మా దగ్గరి ప్రొద్దుటూరులో అన్న ఇంటికి మేనకోడలి పుట్టినరోజుకు పోయి కేకు తిన్నది. గుడ్డు లేదని చెప్పి పెట్టింది వదిన. ఆ వదినే అబద్ధమాడిందని, తన మొక్కు చెడగొట్టిందని తల బాదుకుని ఏడ్చింది. నేను పక్కనే బత్తాయి వలుస్తున్నాను. వలుస్తూనే ఉన్నాను. తొనలు తీసి కొడుకు చేతిలో పెట్టాను.

నూనె తప్పు చిన్నదేమో. అక్కడ బత్తాయి వలుస్తూ కూర్చున్న తప్పు చిన్నది కాదు.

ఆమెకు తల్లిదండ్రులు లేరు. పుట్టిల్లంటే ఆ అన్న ఇల్లే. ఆ గడప మళ్లీ తొక్కలేదు. కొడుకు ఎనిమిది నెలలకు కర్ర వదిలాడు గానీ కుంటు మిగిలింది. కోడలు ప్రదక్షిణలు చేసొచ్చింది, నీసు మాత్రం ముట్టలేదు. చెడిన మొక్కు సగమే తీరిందట. ఆదివారం మేం కోడి తింటుంటే ఆమె వాకిట్లో కూర్చుంటుంది. ఆమె కోసం ఎన్నిసార్లు టోఫు చేశానో. ప్రతిసారీ కొత్త నూనెలోనే. ఏం లాభం?

ఎందుకు చెప్పలేదు? ఆమె ఏడుస్తుందనా? కాదు. ఈ ఇంట్లో ఉప్పు నుంచి తాళంచెవి దాకా నా మాటే నడుస్తుంది. నూనె దగ్గర అబద్ధమాడిన ముసలిదాని మాట ఇక ఎవరు వింటారని. పెత్తనం పోతుందని. అంతకంటే మంచి కారణం వెతికాను. దొరకలేదు.

పోయిన వారం ఆ వదిన వచ్చింది. ఆనాడు కేకు కోసిన పిల్లకే పెళ్లి. బొట్టు పెట్టి పిలిచింది. కోడలు బొట్టు పెట్టించుకుంది, మంచినీళ్లిచ్చింది, వస్తానని మాత్రం అనలేదు. పోతూ పోతూ గేటు దగ్గర వదిన నా చెయ్యి పట్టుకుంది. "అత్తమ్మా, ఆ కేకుల గుడ్డు లేకుండె. నా బిడ్డ మీద ఒట్టు. మీరన్న జర చెప్పుండ్రి."

పెళ్లికూతురి మీద ఒట్టు వేయించాను నేను.

మర్నాడు సాయంత్రం మనవరాలు మొయినాబాద్ నుంచి టోఫు పాకెట్ తెచ్చింది. "నువ్వే చెయ్యి నానమ్మా, నీదే కరకరలాడ్తది" అని. బండ పెట్టి నీళ్లు తీశాను. ముక్కలు కోశాను. కొత్త నూనె పాకెట్ కోసి పోశాను. పక్క పొయ్యి మీద కోడలు జొన్నరొట్టె కాలుస్తోంది. నూనె కాగుతుండగా ఆమె వైపు చూడకుండా చెప్పాను.

"ఆనాడు నూనె కొత్తది కాదు. కోడి ఏంచిన నూనె. మీ వదినె తప్పు లేదు."

ఏనాడు అని ఆమె అడగలేదు. పెనం మీద రొట్టె మాడింది. మా ఇంట్లో రొట్టె మాడనియ్యరు. ఆ పూట ఆమె తిప్పలేదు, నేనూ తిప్పలేదు. పొయ్యి ఆర్పి, ఫోను తీసుకుని వాకిట్లోకి పోయింది. "వదినె" అన్న మాట వినబడింది. తర్వాత ఏడుపు.

కొడుకూ మనవరాలూ టోఫు తిన్నారు. ఆమె వాటా పళ్లెంలోనే ఉండిపోయింది. పొద్దున మెత్తబడింది. నేను తినేశాను.

ఇప్పుడు కోడలు ఒక చిన్న మూకుడు కొనుక్కుంది. దాన్ని వేరే మేకుకు తగిలిస్తుంది. నాతో మాట్లాడుతుంది, ఉప్పు ఎక్కడుంది, తాళం ఎక్కడుంది అని. ఆ మాట మాత్రం ఎత్తదు. నేను క్షమించమని అడగలేదు. అడిగితే అదొక పని మళ్లీ ఆమె మీదే పెట్టినట్టు. పెళ్లి కోసం జాకెట్ కుట్టించుకుంటోంది. నన్ను కూడా రమ్మంటుందో లేదో తెలియదు. నిన్న గిన్నెలు తోముతూ ఆమె మూకుడు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇన్నేళ్లూ పొయ్యి మీద నూనె కాగినప్పుడల్లా "కొత్తదే" అన్న నా గొంతు నాకు వినబడేది. ఈ పొద్దున పప్పుకు పోపు పెట్టాను. ఆవాలు చిటపటలాడాయి. అంతే వినబడింది.