మాత్రల గంట ఆగింది

మా నల్లంపల్లి ఎరువుల అంగడిలో కంప్యూటరు వేయగానే తమంతట తామే మొదలయ్యే అనవసరపు ప్రోగ్రాములను ఈ రోజు మనవరాలు వసంత చేత ఆపించాను. వాటివల్ల పని ఆలస్యమవుతోంది. చివరికి ఒకటి మిగిలింది. పోయిన ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, కాలం చేసిన మా ఆయనకు మాత్ర గుర్తుచేస్తూ రోజూ పొద్దున గంట కొట్టేది అదే. అది వినగానే నేను వేడినీళ్లు ఇచ్చేదాన్ని.

“అవ్వా, తాతదీ తీసేద్దునా?”

“మాత్ర మింగే మనిషే లేడు. తీసెయ్.”

“చెరపలేదవ్వా, ఆపినాను, అంతే. లోపలే ఉంటాది, లేవదు.”

వసంత కంప్యూటరును మళ్లీ వేసి చూసింది. చప్పుడు లేకుండా వెంటనే తెరుచుకుంది. అప్పటికే నేను వేడినీళ్ల లోటాతో దాని ముందు నిలబడి ఉన్నాను.

కంప్యూటరుకైతే వసంత ఉంది. నన్ను ఆపడం ఎలాగో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.