ఎక్స్‌రే అంటే జంకిన మా ఇంటి ఓనరమ్మ

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దవాఖానాలో ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. నల్లగొండ నుంచి వచ్చి స్థిరపడిన మా ఇంటి ఓనరమ్మ, ఎల్బీనగర్ రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు నిరసనలో జారిపడి, వాచిన చెయ్యితో వచ్చింది.

"గా కిరణాలొద్దు బిడ్డా, బొక్కలు కరాబైతయి," అంది.

"పొద్దుట్నుంచీ అక్కడ తగలబెట్టిన టైర్ల పొగ పీల్చారు కదండీ, దానికి భయం లేదా?" అన్నాను. "ఒక్క ఎక్స్‌రేతో ఎముకలకేమీ కాదు. కిరణాలు ఎంత, ఎన్నాళ్లు తగిలాయన్నదే ముఖ్యం."

ఆమె వెంటనే అందుకుంది. "మా ఊరి ఫ్లోరైడ్ నీళ్ల లెక్కనా? చుట్టపోళ్లు గ్లాసెడు తాగితే ఏంగాదు. మా అమ్మ బతుకంతా తాగితే నడుం వంగింది."

నేను రెండేళ్లు చదివి తెలుసుకున్నది అదే.

"అయితే దినాం గీడ్నే ఉండే నీకే పరేషాన్," అంటూ చెయ్యి బల్ల మీద పెట్టింది. కిరణాలు తగలకుండా నేను గోడ చాటుకు వెళుతుంటే నవ్వింది. ఎముక విరగలేదు, మర్నాడు కట్టుతోనే మళ్లీ రోడ్డెక్కింది.