టీచరమ్మ ఇంటి అద్దం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అద్దాలు తుడిచే పనిలోకి వచ్చాక అది ముక్కు మీద నుంచి నాలుక మీదికి దిగింది. ఏం చేయను మరి? గచ్చు తుడిస్తే ఎవరూ వంగి చూడరు. అద్దం తుడిస్తే మాత్రం ప్రతివాళ్లూ జడ్జీలే. ఒకాయన మేం తుడిచిన చోటల్లా వేలు పెట్టి రాసి చూసేవాడు, ఆ వేలిముద్ర మళ్లీ మేమే తుడవాలి. ఒకావిడ కిటికీలకని పిలిచి, ఎట్లాగూ స్టూలు ఎక్కారు కదా అని ఫ్యాన్లు, ట్యూబులైట్లు, చివరికి దేవుడి పటాలు కూడా తుడిపించింది. చుట్టుపక్కలవాళ్లది ఇంకో రకం బాధ. మేం ఒక ఇంటి కిటికీ దగ్గర నిలబడితే చాలు, ఎదురింటివాళ్లు మేమేదో తొంగి చూస్తున్నట్టు పరదాలు లాగేసేవారు. వాళ్లింట్లో మాత్రం కొత్తగా ఏముంటుంది చూడటానికి? మా ఇంట్లో ఉన్నవే. ఆరేసిన బట్టలు, తోమని గిన్నెలు.

మేమంటే నేనూ మా తోడికోడలూ. అల్వాల్‌లో ఒకే ఇంట్లో రెండు పోర్షన్లలో ఉంటాం. ఎనిమిదేళ్లు బేగంపేటలో ఒక ఆఫీసు బిల్డింగులో లోపలి అద్దాలు తుడిచాం. కాంట్రాక్టరు మారాడు, కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. అప్పుడు ఇద్దరం రెండు పొడుగు కర్ర వైపర్లు, నాలుగు బకెట్లు కొనుక్కుని స్కూటీ మీద బయల్దేరాం. నేను మాట్లాడతాను, ఆమె తుడుస్తుంది అని మా ఆయన వెక్కిరించేవాడు. అందులో అబద్ధం ఎక్కువేం లేదు.

ఇంటికొక పని చొప్పున ఆరు నెలలు ఎట్లాగో లాగాం. తర్వాత అదీ తగ్గింది. ఒక హోటల్లో హౌస్‌కీపింగ్‌కి రమ్మన్నారు. పన్నెండు గంటల డ్యూటీ, బాత్రూముకి వెళ్లాలన్నా సూపర్‌వైజర్‌ని అడగాలి. నెలాఖరులోగా చెప్తాం అన్నాం. సరిగ్గా ఆ నెలలోనే పద్మారావు నగర్‌లో ఇరవై ఫ్లాట్ల అపార్టుమెంటు ఒకటి దొరికేలా కనిపించింది. దాని సెక్రటరీ మంచివాడే, కానీ ఒక మెలిక పెట్టాడు.

"మొదటి అంతస్తుల టీచరమ్మ ఉన్నది. ముందుగాల ఆమె అద్దం తుడవండి. ఆమె ఓకే అంటే బిల్డింగ్ మొత్తం మీకే ఇస్తం. ఆమె వద్దంటే నేనేం చెయ్యలేను అక్కా. ఇంతకు ముందు వచ్చిన ఇద్దర్ని ఆమెనే ఎల్లగొట్టింది."

ఆ టీచరమ్మ రిటైరై చాలా కాలమైంది. గుంటూరు వైపు మనిషి, చెల్లెలితో కలిసి ఉంటారు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయ్యాక వాకర్ పట్టుకుని పది అడుగులు వేస్తారు, అంతే. మిగతా పొద్దంతా బాల్కనీలో పేము కుర్చీలోనే. బాల్కనీ పిట్టగోడ మీద నుంచి పైదాకా పక్కకి జరిపే అద్దాలు బిగించి ఉన్నాయి. రోడ్డుకి అవతల బడి. ముప్పై ఏళ్లు ఆమె పనిచేసింది ఆ బడిలోనే.

మేం పొద్దున్నే వెళ్లి, లోపలివైపు చేత్తో, బయటివైపు కింద నుంచి కర్ర వైపర్‌తో శుభ్రంగా తుడిచి వచ్చాం. సాయంత్రం నాలుగున్నరకి ఫోన్.

"అమ్మాయ్, గేటు మీద మచ్చ ఉంది."

గేటు మీద మచ్చ ఉంటే బడివాళ్లు తుడుచుకోవాలి గానీ నాకెందుకు చెప్తున్నట్టు? మర్నాడు పొద్దున వెళ్లాం. ఆమె కుర్చీలో కూర్చుని వేలు చూపించారు. నేను వెనక నిలబడి చూశాను. బడి గేటు, దానికి వేసిన నీలం రంగు, పక్కన జామకాయల బండి, అన్నీ కడిగినట్టు కనిపిస్తున్నాయి.

"ఏడున్నది టీచరమ్మా? నాకైతే ఏం కనబడ్తలేదు."

"ఉంది. తుడువు."

తుడిచాం. సాయంత్రం మళ్లీ ఫోన్, మళ్లీ అదే మాట. మూడోసారి వెళ్లిన రోజు పొద్దున్నే స్కూటీ పంక్చరైంది, దాన్ని మెట్టుగూడ దాకా తోసుకుంటూ వచ్చాను. అద్దం చూస్తే నిగనిగలాడుతోంది. ఆమె వేలు మళ్లీ లేచింది. ఇక ఉండబట్టలేకపోయాను.

"మచ్చ అద్దం మీద లేదు టీచరమ్మా, మీ కళ్లజోడు మీద ఉన్నది."

ఆమె కళ్లజోడు తీసి, పైట చెంగుతో రెండు అద్దాలూ తుడిచి, పెట్టుకుని, రోడ్డు వైపు చూశారు.

"ఇప్పుడూ ఉంది" అన్నారు. "ఇక నీతో కాదు. ఆదివారం మీటింగులో సెక్రటరీతో మాట్లాడతాను."

మా తోడికోడలు బకెట్ పట్టుకుని నా వెనకే మెట్లు దిగింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆమె నాకు ఎదురు చెప్పింది లేదు. స్కూటీ దగ్గరికి వచ్చాక బకెట్ కింద పెట్టింది.

"అక్కా, నేను ఆ హోటల్ డ్యూటీకి పోను. నిలబడి నిలబడి నా కాళ్లు ఇప్పటికే పోయినయ్. నువ్వు టీచరమ్మ కాళ్లు పట్టుకుంటవో ఏం జేస్తవో నాకు తెల్వదు. ఆదివారం లోపల ఆమెతోని ఓకే అనిపియ్యి."

నాకు సిగ్గేసింది. ఒక్క మాట తూలి ఇద్దరి బతుకునీ వీధిలో పెట్టానే అనిపించింది. అయినా మనసులో మాత్రం నాదే రైటు.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఒక్కదాన్నే వెళ్లాను. క్షమాపణ అడగడానికని ఇంట్లో చెప్పాను. నిజానికి ఆమె మచ్చ ఉందనే సమయానికే వెళ్లి, లేదని నిరూపించాలని వెళ్లాను. చెల్లెలు తలుపు తీసి, అక్కయ్య లోపల కాలికి మందు రాసుకుంటోందని చెప్పి, కూర్చోమన్నారు. బాల్కనీలో ఉన్నది ఆ పేము కుర్చీ ఒక్కటే. మోకాళ్లు లాగుతున్నాయి, అందులోనే కూర్చున్నాను.

కూర్చుని చూస్తే గేటు లేదు.

అద్దం అడుగున, పిట్టగోడకి ఆనుకుని నాలుగు వేళ్ల వెడల్పున ఎవరో గంజి పూసినట్టు తెల్లగా ఉంది. ఎదురెండ పడి మెరుస్తోంది. లేచి నిలబడ్డాను. చూపు ఆ పట్టీ పైనుంచి వెళ్లింది, గేటు స్పష్టంగా కనబడింది. కూర్చున్నాను, పోయింది. ఇంకోసారి లేచాను, కూర్చున్నాను. పొద్దున పూట ఎండ ఇటు రాదు కాబట్టి ఆ తెలుపు తెలియదు, పైగా మేం ఏ రోజూ అక్కడ కూర్చోలేదు. ఇంతలో అవతల బడి గంట మోగింది. పిల్లల కేకలు వినిపిస్తున్నాయి, ఒక్క పిల్ల మొహం కూడా కనిపించడం లేదు.

"గుంజీలు తీయమని నేను చెప్పలేదే?"

వెనక్కి తిరిగితే వాకర్ పట్టుకుని టీచరమ్మ. నేను గబుక్కున లేచాను.

"తప్పయింది టీచరమ్మా. నేను ఎప్పుడూ నిలబడే చూసిన."

"నేను కూడా అంతే. ముప్పై ఏళ్లు ఆ గేటు పక్కన నిలబడి పిల్లల్ని ఇళ్లకి పంపించాను. ఇప్పుడు ఇక్కడ కూర్చుని పంపిస్తున్నాను. ఏ పిల్ల ఒంటరిగా మిగిలిపోయింది, ఎవరి కోసం ఎవరూ రాలేదు, అది చూసి బడి వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తాను. అంత మాత్రమే చేయగలను. అది కూడా ఆ మచ్చ చేయనివ్వడం లేదు."

"మరి కూసొని చూడు అని ఒక్క మాట అంటే అయిపోవు కదా?"

"గేటు మీద మచ్చ ఉందని చెప్పాను కదా. ఇంకెలా చెప్పాలి? నాకు అక్కడే కనబడుతుంది."

ఆమె మొండిదే, సందేహం లేదు. కానీ తనకి కనబడింది కనబడినట్టే చెప్పారు. కళ్లజోడు మీద మచ్చ ఉందన్న నా నోటిని ఏం చేయాలో నాకు తెలియలేదు.

మర్నాడు మా తోడికోడలు కుర్చీలో కూర్చుని చెప్తుంటే, నేను అద్దం పక్కకి జరిపి, చెయ్యి బయటికి పెట్టి, వెనిగర్ రాసి ఆ తెల్ల పట్టీని గీకాను. బోరు నీళ్ల ఉప్పు అది, రాయిలా పట్టేసింది. రెండు గంటలకి వదిలింది. ఇద్దరం సంబరపడుతూ ఇంటికి వెళ్లాం. రెండు రోజులు తిరగలేదు, శుక్రవారం సాయంత్రం మళ్లీ ఫోన్.

"అమ్మాయ్, మళ్లీ మొదలైంది."

ఈసారి ఆమె మీద కోపం రాలేదు, పై ఇంటి మీద వచ్చింది. శనివారం ఇద్దరం వెళ్లి కింద నుంచి తల ఎత్తి చూస్తే, రెండో అంతస్తు బాల్కనీ అంచున పాత పెయింటు డబ్బాల్లో పుదీనా, కరివేపాకు, గోంగూర. అడుగున బెజ్జాలు. బోరు నీళ్లు ఎన్ని పోస్తే అన్నీ టీచరమ్మ అద్దం మీదుగా కారి, అడుగున ఎండిపోతున్నాయి. తెల్లారితే ఆదివారం మీటింగు. మెట్లు ఎక్కి తలుపు కొట్టాను.

పై ఇంటావిడది ఈ ఊరే, నా ఈడే. కోపం కూడా నా అంతే ఉంది.

"నా మొక్కలకు నేను నీళ్లు పోసుకుంటున్న. ఆమెకేంది తక్లీఫ్? రెండేండ్ల సంది ఇదే లొల్లి. కాగితాలు రాసి సెక్రటరీకి ఇస్తది, నా మొఖం చూసి ఒక్క మాట అడగలే."

నేను కొంగు బిగించి అందుకోబోతుంటే మా తోడికోడలు నన్ను పక్కకి నెట్టి ముందుకి వచ్చింది.

"అక్కా, తప్పు ఎవలదని మేం అడగొస్తలేం. మీరు జెర కిందికి రాండ్రి. నాలుగింటికి ఆ కుర్సీల ఒక్క నిమిషం కూసోండ్రి. ఏం లేదంటే మేమే పోతం. రేపటి సంది మళ్ల మీకు కనబడం."

ఆవిడ మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. వస్తాననలేదు, రాననలేదు. సాయంత్రం నాలుగింటికి మాత్రం వచ్చి టీచరమ్మ గుమ్మంలో నిలబడింది. టీచరమ్మ వాకర్ అందుకుని లేచి, కుర్చీ ఖాళీ చేసి, పక్కన నిలబడ్డారు. ఆవిడ కూర్చుంది. బడి గంట మోగింది.

"ఏం సరిగ్గ కనబడ్తలేదు" అంది మెడ సాచి చూస్తూ.

"అదే నేను రెండేళ్లుగా రాస్తున్నది."

"రాసుడెందుకు? ఒక్కపారి పిలిస్తే అయిపోవు."

"పిలిస్తే వచ్చేదానివా?"

ఆవిడ నిజాయితీగా ఆలోచించింది. "రాకపోతుంటి" అంది.

నాకు నవ్వాగలేదు. టీచరమ్మ ఆయాసపడుతూనే నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వకుండా లేచి వెళ్లిపోయింది. కానీ మేం వైపర్లు సర్దుకునేలోపు పైన డబ్బాలు ఈడుస్తున్న చప్పుడు వినిపించింది. తల ఎత్తితే, ఒక్కో డబ్బా కిందా ఒక్కో పాత స్టీలు పళ్లెం పెడుతోంది. మేం మళ్లీ కూర్చుని, ఆ తెల్ల పట్టీని రెండోసారి గీకాం.

ఆదివారం మీటింగు పార్కింగులో. కార్లు పక్కకి తీసి కుర్చీలు వేశారు. మమ్మల్ని గోడ పక్కన నిలబడమన్నారు. వీళ్లు నీళ్లు ఎక్కువ పారబోస్తారని ఒకాయన, కర్ర వైపర్ తగిలి మా గోడ పెయింటు పోతుందేమో అని ఇంకొకాయన. పై ఇంటావిడ మాత్రం, మా ఇంటికి సుత రావాలె అంది, ఎటో చూస్తూ. సెక్రటరీ అన్నీ విని, టీచరమ్మ వైపు తిరిగాడు.

"మీరు చెప్పండి మేడం. ఎట్లున్నది వీళ్ల పని?"

టీచరమ్మ మమ్మల్ని కింది నుంచి పైదాకా చూశారు.

"మొదటిసారి అడుగు భాగం వదిలేశారు. రెండోసారీ అంతే. మూడోసారి పెద్దదానికి పొగరు. ఇద్దరూ పాస్ కాలేదు" అన్నారు.

సెక్రటరీ నా మొహం చూడలేక కాగితంలోకి చూసుకున్నాడు. మా తోడికోడలు నా మణికట్టు పట్టుకుంది.

"అంటే వద్దనా మేడం?"

"ఫెయిలైన పిల్లల్ని బయటికి పంపిస్తామటయ్యా? అదే క్లాసులో ఉంచుతాం. ఇంకో ఏడాది ఈ బిల్డింగులోనే ఉంచండి. నెలనెలా ఇరవై ఇళ్లూ తుడవాలి. నా ఇంటికి నాలుగింటికి రావాలి, నేను దగ్గరుండి చూస్తాను."

ఫెయిలయ్యానని అంత సంతోషపడింది నా జన్మలో లేదు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. మా తోడికోడలు నా చెయ్యి వదిలి, అందరి ముందే ఫోన్ తీసి, హోటల్ సూపర్‌వైజర్‌కి కలిపింది.

"మేం వస్తలేం సార్" అంది. "మాకు పని దొరికింది."