మబ్బు నాకు కనిపించింది

మిరప కళ్లాల మీద వాన పడిందన్న మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి వంటింట్లోకి పోతాను. ఏళ్లుగా ఇంతే. ఎందుకని మా ఆయనా అడగలేదు, అమ్మాయీ అడగలేదు. అడిగితే చెప్పేదాన్నా? చెప్పేదాన్ని కాదు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడనీయండి, ఇక మోయలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది దర్శి పక్కన పల్లె. మాకు ఒక్కతే కూతురు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ చేస్తూ ఒకరోజు మానేసి, బ్యాగు సర్దుకుని వచ్చేసింది. తిండి లేదు, నిద్ర లేదు. దువ్వెన పెడితే జుట్టు ఊడి చేతికొచ్చేది. ఫోను మోగితే ఉలిక్కిపడేది. కొన్నాళ్లకు, నాకో ఎకరం ఇవ్వండి, మిరప వేస్తాను అంది. వాళ్ల నాన్న మురిసిపోయి ఇచ్చాడు. నేను ఊరుకున్నాను. మనసు కుదుటపడితే అదే తిరిగి హైదరాబాదు పోతుందిలే అనుకున్నాను.

కుదుటపడింది. నా బాధంతా అదే అంటే నమ్ముతారా? నారు నాటిన దగ్గర్నుంచీ ఒక ముద్ద ఎక్కువే తినేది, కూలీ ఆడవాళ్లతో కలిసి పడీ పడీ నవ్వేది. కాయ కోయించి మా ఇంటెదురు కళ్లంలో ఎండబోసిన రోజు, వచ్చే ఏడు రెండెకరాలు వేస్తానంది. అంత చదివించిన పిల్ల మిరప చేలో ఉండిపోతే సంబంధాలు ఎవరు తెస్తారు, చుట్టాలకు ఏం చెప్పాలి? దాని మంచికే అనుకున్నాను అని రాయబోయాను. అబద్ధం. నలుగురి నోళ్లకు భయపడ్డాను.

మర్నాడు మా ఆయన పని మీద గుంటూరు వెళ్లాడు. అమ్మాయి కాయలు నింపే గోతాల కోసం దర్శి వెళ్లింది. మధ్యాహ్నం నేను అన్నం తిన్నాక పడమట మబ్బు లేచింది. అప్పుడే ఫోను చేసింది.

“అమ్మా, ఇక్కడ గాలి తిరిగింది. అక్కడ మబ్బేసిందా? వచ్చేసి కాయల మీద పట్టాలు కప్పనా?”

“మబ్బేంటే? ఇక్కడ ఎండ మాడ్చేస్తోంది. నింపాదిగా పని చూసుకునిరా.”

“సరేలే. నువ్వు చెప్పావుగా, ఇక దిగుల్లేదు.”

ఆ మాట అన్నప్పుడు నా భుజం మీద, వాన వస్తుందని దండెం మీంచి తీసిన బట్టలున్నాయి.

పక్క కళ్లంవాళ్లు పరుగులు పెట్టి తమ కాయలు కప్పుకున్నారు. మా టార్పాలిన్ పట్టాలు చుట్టలు చుట్టి అక్కడే ఉన్నాయి. ఒక్క కేక వేస్తే నలుగురూ వచ్చేవాళ్లు. నేను గడప దాటలేదు.

అమ్మాయి తడిసి ముద్దై వచ్చింది. కాయల మధ్య కూలబడి రెండు చేతులతో నీళ్లు తోడింది. నాలుగు రోజుల్లోనే ఆ కాయంతా బూజు పట్టి తెల్లబారిపోయింది. “అమ్మ ఎండే ఉందంది నాన్నా, వాన ఒక్కసారిగా వచ్చిపడింది. కప్పకుండా వెళ్లడం నాదే బుద్ధితక్కువ” అని, గుంటూరు నుంచి వచ్చిన వాళ్ల నాన్నతో నా ముందే చెప్పింది. అప్పుడైనా చెప్పొచ్చు కదా? నేను ‘ఊ’ అన్నాను. మబ్బు దాచినదానికంటే ఆ ‘ఊ’ కొట్టడమే నన్ను ఎక్కువ తింటోంది.

నెల తిరక్కుండానే హైదరాబాదు వెళ్లిపోయింది. ఉద్యోగం దొరికింది, పెళ్లయింది. నేను కోరుకున్నదంతా జరిగింది. కానీ చిన్నప్పుడు ఎవరి మాటా లెక్కచేయని పిల్ల, ఇప్పుడు గోడలకు ఏ రంగు వేయించాలో కూడా నన్నే అడుగుతుంది. మొన్న ఇంకో కంపెనీవాళ్లు పిలిచారట. దాని గొంతులో ఎన్నాళ్లకో సంతోషం వినిపించింది. అంతలోనే, “నువ్వే చెప్పమ్మా, నా అంచనాలు ఎప్పుడూ తప్పేగా” అంది.

తప్పలేదే తల్లీ, గాలి తిరిగిందని ఆ రోజు పసిగట్టింది నువ్వే. ఈ ముక్క నోటిదాకా వచ్చింది. మింగేసి, ఉన్నచోటే ఉండవే అన్నాను. సరేనంది.

దానికి ఎప్పుడు చెబుతానో, అసలు చెబుతానో లేదో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీరిచ్చేది కాదు. నా కూతురి అంచనా సరైనదే. అబద్ధం చెప్పి దాని పంట పాడుచేసింది నేను. ఇన్నేళ్లలో ఈ మాట నాలో నేను కూడా పూర్తిగా అనుకోలేదు. ఇప్పుడు అన్నాను. కొంచెం ఊపిరి ఆడుతోంది.